ఏడింటికి ఆగే లాప్‌టాప్

లాప్‌టాప్ రిపేరు కొట్టు. కౌంటరుకి అటు మెకానిక్, ఇటు లాప్‌టాప్ ఓనరమ్మ.

"అయ్యో అయ్యో, నిజంగానే బాగు చేసేశారా?"

"చేసేశానమ్మా. ఇక ఆగదు."

"ఎవరు చెయ్యమన్నారు బాబాయ్ మిమ్మల్ని?"

"మీ ఆయనే. స్టూలేసుకుని నా నెత్తిమీద కూర్చుంటే చెయ్యక చస్తానా?"

"ఆయనకి అన్నిట్లో వేలు పెట్టందే తోచదు. సరే, మళ్లీ పాడు చెయ్యండి."

"ఏంటీ?"

"పాడు చెయ్యండి. ఎప్పట్లా సాయంత్రం ఏడింటికి టక్కున ఆగిపోవాలి."

"ఈ కొట్టు పెట్టాక ఇలాంటి మాట వినడం ఇదే మొదలు తల్లీ."

"మా బాసుని చూస్తే మీరే పాడు చేసి ఇంటికి తెచ్చిస్తారు. పొద్దుగూకేవేళ మీటింగు మొదలెడతాడు. ఇక దానికి అంతుండదు, ఎవరి మాట వాళ్లకి ముద్దు. ఏడు కాగానే నా తెర నల్లబడేది. ‘సార్, ఆ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయ్యాక నా బ్యాటరీ...’ అని ఫోన్లో ఏడుపు గొంతు పెట్టేదాన్ని. అయ్యో పాపం అనేవాడు."

"అప్‌డేట్ గొడవ పాతది కదమ్మా! అప్పుడు సగం చార్జింగు ఉండగానే ఆగిపోయేది. కంపెనీ వాళ్లు పంపిన కొత్త అప్‌డేట్ ఎక్కించా, బ్యాటరీ మొత్తం దింపి మళ్లీ నిండుగా ఎక్కించా. చార్జింగు లెక్క కుదిరాకే పంపించా."

"పంపించారు, మా అత్తయ్య చేతికిచ్చి. కాస్త గాలి తగులుతుందని ఆవిణ్ణి నేనే బలవంతాన పంపా. ఆ రోజునుంచే ఈ ఏడింటి జబ్బు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మొదట మిమ్మల్ని తిట్టుకున్నా. తర్వాత దణ్ణం పెట్టుకున్నా."

"అత్తగారు... కులాసానా?"

"అదే చెబుతున్నా, వినండి. మావయ్య పోయాక ఆవిడ గది దాటి వచ్చేది కాదు. తిండి సయించదు, మాట లేదు. ఇది ఆగిపోయిన మొదటిరోజు ఏం తోచక హాల్లోకొస్తే, పాత పేక కట్ట ముందేసుకుని కూర్చునుంది. ఆడతావా అంది. అంతే, అప్పట్నుంచీ రోజూ ఆటే. జోకర్ని దిండు కింద దాస్తుంది. పట్టుకుంటే నన్నే దొంగంటుంది. నవ్వుతోంది బాబాయ్!"

"మీకూ పేకంటే సరదా అన్నమాట."

"నాకా? ముక్క చూస్తే తలనొప్పి. ఆవిడ కోసం ఆడుతున్నా. ఇది బాగైతే నేను మీటింగులోకి, ఆవిడ మళ్లీ ఆ గదిలోకి. నాకు భయంగా ఉంది. ఆ పాత అప్‌డేట్ మళ్లీ ఎక్కించండి. లేదా ఉబ్బిన బ్యాటరీ ఏదైనా ఉంటే వేసి పారెయ్యండి."

"ఉబ్బింది వేస్తే ఏడింటికి లాప్‌టాప్ ఆగడం కాదు, ఇల్లే లేచిపోతుంది."

"మరెలా?"

"ఒక్కటి చెప్పండి. చార్జరు పెట్టి ఉన్నా ఆగేదా?"

"ఆగేది."

"బ్యాటరీ జబ్బయితే చార్జరు పెట్టాక ఎందుకాగుతుంది? అదీ గడియారం చూసుకుని మరీ?"

"నన్నడుగుతారేంటి? మెకానిక్ మీరా, నేనా?"

"నేనే. అందుకే... అదీ... టీ తాగుతారా?"

"నీళ్లు నమలకండి బాబాయ్."

"దానికే జబ్బూ లేదమ్మా. ఏడింటికి దానంతటదే ఆగేలా లోపల టైమరు పెట్టి ఉంది. నిన్న మీ ఆయన ముందు అదే తీసేశా."

"టైమరా? ఎవడు పెట్టాడు?"

"నేనే."

"మీరా! నా లాప్‌టాప్‌లో, నాకు చెప్పకుండా? బుద్ధుందా అసలు?"

"వద్దనే అన్నానమ్మా. వింటేగా! పెట్టేదాకా గుమ్మంలోంచి కదలనంది. మీకు చెబితే ఊరుకోనంది."

"ఎవరు?"

"మీ అత్తగారే. ‘మా కోడలు ఆ డబ్బా ముందు కూలబడి మనిషి కాకుండా పోతోంది, దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో. నాకు పేకంటే పరమ చిరాకు, అయినా దానికోసం ఆడతా, ఏడింటికి ఆ డబ్బా నోరు మూయించు నాయనా’ అంది."