గుమాస్తా పేరు మీద

చనిపోయిన గుమాస్తా భార్యకు ఉద్యోగమిప్పించే కాగితాలు సాయంత్రంలోగా పై ఆఫీసుకు చేరాలి. కాపీ మిషన్ స్కాన్ చేస్తోంది గాని, కాగితం కంప్యూటర్లోని ఆఫీసు ఫోల్డర్లోకి పోవడం లేదు. హెడ్‌క్లర్కమ్మ మెకానిక్ పక్కనే నిలబడింది.

“వైరు బాగానే ఉందమ్మా. ఈ మిషన్ ఫోల్డర్లోకి వెళ్లేది మీ గుమాస్తాగారి పేరుతోనే.”

“అతను పోయి నెలయింది కదయ్యా.”

“కంప్యూటర్లోంచి ఆయన పేరు మాత్రం ఇవాళ పొద్దున్నే తీసేశారు. మిషన్ పెట్టిన రోజున ఆయన తన పేరూ పాస్‌వర్డే ఇచ్చినట్టున్నారు.”

“అంటే తొమ్మిదేళ్లుగా మా అందరి కాగితాలూ అతని పేరు మీదే వెళ్లాయా? ఒక్కనాడూ చెప్పలేదే.”

“ఆయనకైనా గుర్తుందో లేదో.”

“ఆలస్యంగా వస్తాడని రోజూ తిట్టేదాన్ని. పోయాక కూడా నెల రోజులు డ్యూటీ చేశాడన్నమాట.”

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే మిషన్ మూతను నిమిరింది.

“ఇప్పుడెవరి పేరు పెట్టమంటారు?”

“నాది పెట్టు నాయనా. ముందు ఆవిడ కాగితాలు వెళ్లనీ.”