ఒంటికంటి గురి

ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. ఊఁ… ఆ అమ్మాయి విసురుతున్నది కత్తులేగా? చూశావా, ఆఖరిది పిడి తగిలి కింద పడింది. కాస్త ముందుకొచ్చి నిలబడింది పిచ్చిపిల్ల, అందుకే. నాకెలా తెలుసా? భలేదానివే. మా మేనత్త ఎవరనుకున్నావు? అదిగో, ఆ ఫొటోలో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నావిడ. మీ అమ్మ చెప్పలేదూ? చెప్పదులే, మీ అమ్మ పుట్టేసరికే ఆవిడ పోయింది. ఆ దిండు నా నడుం వెనక పెట్టు. ఆఁ, ఇప్పుడు బాగుంది.

మా అత్త పిల్లల వార్డులో నర్సు. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోయేది, మా ఇంట్లోనే నాయనమ్మ దగ్గర ఉండేది. వంటింట్లో ఉల్లిపాయ తరగమంటే వేలు తెగ్గోసుకునే రకం. అలాంటి మనిషి ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ కలప డిపో దగ్గర చప్పుడు విని లోపలికి తొంగిచూసిందట. అక్కడ వడ్రంగి మేస్త్రీ, ఇంకొందరూ సెలవురోజుల్లో కత్తులు విసిరే పోటీలు పెట్టుకునేవాళ్ళు. దుంగని అడ్డంగా కోసి, నీళ్ళతో తడిపి నిలబెడతారు, తడి చెక్క అయితే మొన బాగా దిగుతుంది. దానిమీద సుద్దతో వలయాలు. ఆ కత్తులకి అంచు పదునుండదే, ఒక్క మొనకే ఉంటుంది. అత్త నేనూ వేస్తానంది. అందరూ ఒకటే నవ్వు. "సిస్టరుగారూ, ఇది సూది పొడిచినంత సులువు కాదండోయ్!" అన్నాడు లారీ డ్రైవరొకడు. ఆ చుట్టుపక్కల వాణ్ణి కొట్టినవాడు లేడు. అత్త వేసింది. ఠంగుమని కింద పడింది. మళ్ళీ వేసింది, మళ్ళీ పడింది. మేస్త్రీ మంచివాడు, దగ్గరికొచ్చి, "బలం పెట్టకమ్మా. కత్తిని విసరకూడదు, వదలాలి. గాల్లో అదే తిరుగుతుంది. అది తిరగడానికి ఎంత చోటు కావాలో నీ కాళ్ళకి తెలియాలి" అన్నాడట. అంతే, ఇంటికొచ్చి పెరట్లో ఓ దుంగ పెట్టించింది. మా నాయనమ్మ శాపనార్థాలు వినాలి నువ్వు! "ఆడపిల్లవా బందిపోటువా? రేపు ఎవరి పీకో తెగితే జైలుకి క్యారేజీ నేను మొయ్యాలా?" ఆ కత్తికి నిమ్మకాయ కూడా తెగదే అమ్మా అంటే వింటేగా. కత్తులు తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచేసేది. అత్త కిక్కురుమనకుండా బియ్యంలో చెయ్యిపెట్టి తీసుకునేది. రెండేళ్ళు తిరిగేసరికి డిపోలో డ్రైవరు తర్వాత మా అత్తే.

అప్పుడే కదా ఆ దెబ్బ తగిలింది. వార్డులో మందుసీసా చేతిలోనే పగిలి గాజుపెంకు కంట్లో పడింది. ఎడమకన్ను పోయింది. నేనప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాను, ఆసుపత్రి నుంచి ఆవిణ్ణి ఇంటికి తెచ్చింది నేనే. ఒక కన్నుంది కదా అనుకుంటాం గానీ, దూరం తెలీదే! గ్లాసులో నీళ్ళు పొయ్యబోతే బయట పడేవి. మెట్టు దిగబోయి తూలేది. ఇక కత్తుల సంగతి సరేసరి, దుంగకే తగలడంలేదు. ఓరోజు పెరట్లో కూలబడి ఏడుస్తుంటే చూశాను. కాసేపటికి తనే ముక్కు చీదుకుని లేచి, "ఒరేయ్, దుంగ ఎక్కడికీ పోదుగా?" అంది. పోదన్నాను. "మరి దాన్ని చూడాల్సిన పనేముంది? నేనెక్కడ నిలబడ్డానో తెలిస్తే చాలు" అంటూ దుంగకి వీపు ఆనించి, అక్కణ్ణుంచి అడుగులు కొలుస్తూ నడవడం మొదలుపెట్టింది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, చెప్పుల్లేకుండా. నెలలతరబడి అదే పని. పాదాలు కాయలు కాసిపోయాయి. మెల్లగా చప్పుడు మారింది. ఠంగు పోయి థక్ మనడం మొదలైంది.

ఆ ఏడు పెద్ద పోటీకి పేరిచ్చింది. మేమంతా వెళ్ళాం. నాయనమ్మ కూడా వచ్చింది, రానంటూనే. తీరా మొదలయ్యే వేళకి ఆ డ్రైవరు లేచి, "చూపు సరిగాలేని మనిషి చేతికి కత్తులివ్వడమేంటండీ, జనం కూర్చున్నారు ఇక్కడ!" అన్నాడు. వాడి మాటలో తప్పు కూడా లేదు, చెప్పొద్దూ. పెద్దాయన, అదే, తీర్పు చెప్పేవాడు, పేర్ల కాగితం తీసి అటూ ఇటూ తిప్పాడు. అత్త కోప్పడలేదు. "ఒక్కటి వేస్తాను. తప్పితే నేనే వెళ్ళిపోతాను" అంది. చెప్పులు విప్పింది. దుంగదాకా వెళ్ళి, అక్కడ్నుంచి వెనక్కి నడిచొచ్చి గీత దగ్గర ఆగింది. వదిలింది. వలయం నడిమధ్యన దిగింది. డ్రైవరు తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు.

ఆఖరికి మిగిలింది వాళ్ళిద్దరే. చెరో కత్తి మిగిలుంది. నాయనమ్మ మొహంమీద కొంగు కప్పేసుకుంది, చూడలేక. అత్త వదిలింది. నేనింకా తల ఎత్తి చూడనేలేదు, నాయనమ్మ కొంగులోంచే, "దిగింది, కానీ కాస్త పక్కకి పోయింది" అంది! బొటనవేలంత పక్కకి, నిజమే. రోజూ తిట్టిపోస్తూ వంటింట్లోంచి ప్రతి కత్తి చప్పుడూ వినేదన్నమాట ముసలావిడ! డ్రైవరుది నట్టనడుమ దిగింది. అత్త ఓడిపోయింది. నాయనమ్మ ఊరుకుంటుందా? కొంగు దోపుకుని వెళ్ళి పెద్దాయన మీద పడింది, "రెండు కళ్ళున్నవాడికీ ఒక కన్నున్నదానికీ ఒకే గీత ఏంటయ్యా? వాణ్ణి కూడా ఒక కన్ను మూసుకుని వెయ్యమను!" అని. జనం పడీ పడీ నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. నిజంగానే ఎడమకంటికి రుమాలు కట్టుకుని గీత దగ్గర నిలబడ్డాడు. వేశాడు. దుంగ పక్కనుంచి పోయి వెనక తడికకి గుచ్చుకుంది. ఇంకోటి వేశాడు, అదీ అంతే. రుమాలు విప్పి అత్త ముందుకొచ్చి, "అక్కా, ఎలా వేశావే?" అన్నాడు. సిస్టరుగారూ పోయి అక్క అయిపోయింది. మా అత్త వాడి బూట్లకేసి చూసి, "ముందు అవి విప్పు" అంది.

ఆ మరుసటేడు గెలిచిందిలే. కానీ ఎవర్నడిగినా ఆ ఓడిపోయిన రోజు గురించే చెప్పేవాళ్ళు. వార్డులో కన్ను దెబ్బతిన్న పిల్లలొస్తే, వాళ్ళ చెయ్యి పట్టుకుని వరండాలో వెనక్కి నడిపించేది మా అత్త, అలాగే, చెప్పుల్లేకుండా… వాళ్ళు కిలకిలా నవ్వేవాళ్ళు… ఆవిడ…

ఏదీ, ఆ కిటికీ తలుపెయ్యమ్మా. గాలి ఎక్కువైంది.