అలవాటైన గొంతు

కొత్త కంప్యూటర్ ముందు భార్యాభర్తలు కూర్చున్నారు. ఆవిడకు చూపు లేదు. తెర మీద ఏముందో కంప్యూటరే చదివి వినిపిస్తుంది.

“నీ పాత ప్రోగ్రామ్ ఇందులోనూ నడుస్తోంది. అలవాటైన గొంతు, అదే ఉంచుకో.”

“రెండూ ఉంచండి. పాతదానికి ఫొటోల సంగతి తెలీదు. కొత్తది వాటిలో ఏముందో కూడా చెబుతుందట.”

“ఫొటోలు చూసి చెప్పడానికి నేను లేనూ?”

“ఉన్నారు. నిన్న అమ్మాయి పంపిన ఫొటోలో ఏం చేస్తోందన్నారు?”

“నవ్వుతోందన్నాగా. ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఈసారి కొత్తదాన్ని చెప్పనివ్వండి.”

“ఇప్పుడెందుకులే. ముందు పాతది సరిగ్గా...”

“చెయ్యి తియ్యండి.”

ఆవిడ మీట నొక్కింది. కొత్త గొంతు తొణకకుండా చెప్పింది.

“ఆస్పత్రి మంచం మీద ఒక యువతి. తలకు కట్టు ఉంది. నవ్వుతోంది.”