కుండబద్దలు కొట్టించినవాడు

హలో… ఆ, నేనే బావా, వన్ టౌన్ నుంచి… ఒంట్లో బాగానే ఉంది. — ఆ చప్పుడా? ఓడ కూత. కిటికీ వేశాను… ఉండు, ముందు నేను చెబుతాను.

పోయిన వారం నాకు కథల కట్ట ఒకటి పంపావు. ఆఫీసు మిత్రుడు రాశాడన్నావు… ఆ, టైపు చేయించి, పేరు లేకుండా. “కుండబద్దలు కొట్టినట్టు చెప్పు బావా” అన్నావు. బాగోలేవని ఫోనులో చెప్పాను.

పొద్దున్న మీ నాగశ్రీ వచ్చింది… పెందుర్తి నుంచి ఆటోలో, ఒక్కత్తే. “నువ్వు ఫోన్లో చెప్తున్నప్పుడు అమ్మ పక్కనే కూకుంది మావయ్యా, నాన్నే స్పీకరెట్టాడు” అంది.

…వింటున్నావా?

ఆ కథలు సత్యశ్రీవి. నా చెల్లెలివి.

…ఏటి? దాని మంచికా?

ఆ కుండబద్దల నుడికారం పుట్టుక కోసం చాలా వెతికాను నేను. శ్మశానంలో పగలగొట్టే కుండ నుంచి వచ్చిందని కొందరంటారు. రుజువు దొరకలేదు… పాఠం కాదు, విను. నాకు తోచిన అర్థం ఒకటే: కుండ పగిలాక లోపలున్నది దాగదు. మరి మొన్న బయటపడింది ఎవరి లోపలిది? నా చెల్లెలు రాసుకోవడం నీకు గిట్టదు. నీ నోటితో అనలేక నా నోటితో అనిపించావు.

…సరే. చివరి కథ గురించి ఏమన్నానో చెప్పు… రేవులో వలలు అల్లే మనిషి కథ. రెండుసార్లు చదివానన్నాను. ఇలాంటివి రాస్తే నేనే అచ్చు వేయిస్తానన్నాను… అది వినిపించావా?

…అప్పటికే స్పీకరు తీసేశావు.

మోహనకృష్ణా, నిన్నిక బావా అని పిలవలేను. ఫోను దానికివ్వు… ఇవ్వు.

…సత్యా? అన్నయ్యని… ఏడవకమ్మా… లేదు, అబద్ధమాడలేను. మిగతావి బాగోలేవు. నువ్వు రాశావని తెలిసినా అదే అనేవాణ్ణి, కాస్త మెల్లగా. కానీ ఆ వలల కథ —

…చింపేశావా?… పోనీ, ఈ ప్రతి నా దగ్గరుంది. ఇక్కడే, బల్ల మీద. అది మంచి కథ సత్యా…

…ఏటి?

…పొగడమని ఇప్పుడు మీ ఆయన నాకు చెప్పాడంటావా?… నేనా? ఒకరు చెబితే పొగిడేవాణ్ణా నేను? సత్యా, చిన్నప్పటి నుంచి నన్ను —

హలో… సత్యా…

హలో.