సగం కాడ ఆగిన ముల్లు

మందమర్రిలో ఇంటి ముందు భర్త పాత అంబాసిడర్ డిక్కీలో చెయ్యి పెట్టి ఉన్నాడు. భార్య స్టీరింగ్ ముందు కూర్చుని పెట్రోల్ ముల్లునే చూస్తోంది.

“ట్యాంకు వైరు పీకిన. ముల్లు కదిలిందా?”

“కదిలింది.”

“అంటే మీటరు మంచిగనే ఉన్నది. ట్యాంకుల తేలే బెండు తుప్పుకు ఇరుక్కున్నది. అందుకే పెట్రోల్ అయిపోయినా సగం చూపెట్టింది.”

“మరి గిండ్ల నీ తప్పేమున్నది?”

“నొప్పులు పడుతున్న పక్కింటి వనజను దవాఖానకు తీస్కపోతు నడిరోడ్డు మీద దించిన గదా. మల్ల ఆమెకు మొఖమెట్ల చూపియ్యాలె?”

“ఆటోల పోయింది, బిడ్డ మంచిగ పుట్టింది. ఇందాకనే ఫోన్ చేసింది.”

“ఏమన్నది?”

“రేపు దవాఖాన నుంచి మన కారులనే ఇంటికొస్తదట.”

ఆయన గరుకు కాగితం అందుకున్నాడు.

“తుప్పు ఇప్పుడే గీకుత. నువ్వు ఎనక సీటు మీద మెత్తటి దుప్పటి పరువు.”