మోకు కట్టి గుంజిన లారీ

“అవ్వా, కిటికీ కింద లారీ నిలబెట్టి పండుకున్నడు. ఇంజన్ ఆపుతలేడు. రాత్రంత గిట్లనేనా? నేను పోయి లొల్లి పెట్టొస్త.”

ఆగు బిడ్డా, ఆగు. జర కూసో. లొల్లి యాడికి పోదు గని... లారోనితోని లొల్లి నాకు కొత్తది కాదు. నీకెర్క లేదు. లాక్‌డౌన్ల నువ్వు సిరిసిల్లల మీ అమ్మమ్మ కాడ ఉండిపోతివి, రైళ్లు బంద్ అయ్యి. మీ నాయినోళ్లు గప్పుడు ఊరవతల ఉన్ అనే బస్తీల ఉంటుండిరి, వాళ్లను ఇటు రానిస్తలేకుండె. ఈ ఇంట్ల నేను, మీ తాత, ఇద్దరమే.

ముందుగాల మీ తాత బట్ట నేసే సాంచెలు బంద్ అయినయి. మేం గుజరాత్‌ల ఈ నవాగామ్‌కు వచ్చిన కొత్తల నాలుగణాలకు చాయ్ పోస్తుండె, గంత పెద్ద గిలాస... ఏం చెప్తున్న? ఆఁ, సాంచెలు. గప్పటి సంది సాంచె సప్పుడు లేని దినం నేను చూడలే. దీపావళికి ఆగుతయి, అది వేరే. గల్లీ మొత్తం సల్లబడ్డది. మీ తాతకు నిద్ర పట్టకపాయె. లేచి కూసునుడు, మళ్ల పండుడు. “నా చెవులు పోయినయా ఏందే” అని నన్నడుగుతుండె.

గట్లుండంగ ఒక లారీ వచ్చి గిదే గోడకు ఆగింది. డ్రైవర్ పేరు భవర్‌లాల్ అని తర్వాత తెలిసింది. రాజస్థానోడు. క్లీనర్ గూడ లేడు, ఒక్కడే. పాండేసరల మిల్లు కాడ బట్ట నింపుకుందామని వస్తె మిల్లు బంద్, మర్లి పోదామంటె రోడ్డు బంద్. పోలీసులు మెల్లగ ఇటు తోలిన్రట. లారీ ఆపిండు గని ఇంజన్ ఆపలే. పొద్దంత ఘుర్రు, రాత్రంత ఘుర్రు. లోపట ఫ్యాన్ పెట్టుకొని సుఖంగ పండుకున్నడని మేమంత అనుకున్నం. పొగ మాత్రం మా ఇంట్లకే. కిటికీ మూస్తె ఉక్కపోత, తెరిస్తె పొగ.

చెప్తె నవ్వుతవ్, ఆ సప్పుడుకు మీ తాతకు మంచిగ నిద్ర పట్టింది! “సాంచె నడిసినట్టే ఉందే” అన్నడు. నిద్ర పట్టింది, దాంతోని దగ్గు గూడ పట్టింది.

ఆ దినాలల్ల దగ్గంటె నీకు తెల్సు గద. తుమ్మితెనే తలుపులు పడుతుండె. ఎదురింటి గంగమణి నాకు చెల్లె లెక్క, రోజు మజ్జిగ పంపేది. ఆమె గూడ తలుపేసుకుంది. ఆమె తప్పు లేదు, చంటిపిల్లలున్న ఇల్లు. ఇంటింటికి తిరిగి జ్వరాలు అడిగే అమ్మాయి ఒకామె వస్తుండె, గుజరాతీ పిల్ల, మంచిదే. మీ తాత దగ్గు ఇని, “మాజీ, రెండ్రోజులైనంక మళ్ల వస్త. అప్పటికి తగ్గకపోతె కాకను దవఖానకు తీస్కపోవాల్సి వస్తది” అన్నది. తీస్కపోతె చూడ గూడ రానియ్యరు. మీ తాత ఎన్నడన్న నన్ను ఇడిసి ఒక్కడు ఉన్నడా? చెంబు యాడుంటదో తెల్వదు ఆయనకు.

గల్లీల మొగోళ్లు జమైన్రు. ఒకడు పోలీసులకు చెప్దామన్నడు, ఇంకొకడు అద్దం పగలగొడ్దామన్నడు. నేనన్న, మీరు ఉండున్రి, ముందుగాల నేను అడుగుత అని. కొంగు మూతికి కట్టుకొని, దూరం నిలబడి పిలిచిన. దిగిండు. చూస్తె మా పెద్దోని ఈడోడు. గడ్డం మాసిపోయి ఉంది.

“బేటా, ఇంజన్ బంద్ చెయ్. మా ముసలాయన నీ పొగకు దగ్గుతుండు. కరోనా అని తీస్కపోతరట.”

చేతులు జోడిచ్చిండు. “మాజీ, ఇంజన్ లేపే సెల్ఫ్ కాలిపోయింది. ఒక్కసారి ఆపితె మళ్ల లేవదు. మెకానిక్‌లంత బంద్. లారీ మాలిక్ ఫోన్ చేసిన దినం నేను కదలకపోతె నన్ను ఈడనే మర్సిపోతరు.”

వచ్చిన కాడికెల్లి ఎవ్వడు మాట్లాడలేదట ఆయనతోని. నీళ్ల సీసా గూడ దూరం పెట్టి పోతుండిరట. తిడ్దామని పోయినదాన్ని, “ఏమన్న తిన్నవా” అని అడిగిన.

గప్పుడే మీ తాత, నువ్వు నిలబడ్డవే, గదే కిటికీల మొఖం పెట్టి మొదలువెట్టిండు. దగ్గుడు, మాట్లాడుడు, మళ్ల దగ్గుడు. “డీజిల్ ఎంతుంది?” అంటె, ముల్లు అడుగుకొచ్చిందన్నడు భవర్‌లాల్. “మరి గిట్ల కాలవెడితె అదే ఆగుతది గదా. అప్పుడేం చేస్తవ్? ఇగో ఇను, ఈ గల్లీల ఇంతమందిమి చేతులు ముడుసుకొని కూసున్నం. నువ్వు పోయే దినం నీ లారీని మేం లేపుతం. లేపకపోతె నేను మళ్ల సాంచె మీద చెయ్యి పెట్ట.”

సాంచెగాడు గా మాట ఉత్తగ అనడు. భవర్‌లాల్ లారీ ఎక్కి, ఇంజన్ ఆపిండు. ఆపినంక స్టీరింగ్ మీద తల పెట్టి కూసున్నడు, ఇంట్లోళ్లెవలో పోయినట్టు.

మళ్ల గల్లీల సప్పుడు లేదు. మీ తాతకు నిద్ర లేదు, ఆయనకు నిద్ర లేదు. ఇద్దరు ఎవల కిటికీల వాళ్లు కూసొని ముచ్చట్లు. ఆయనకు ఒంటెలున్నయట ఊర్ల. మీ తాత ఒంటె ముచ్చట ఇనుకుంట ఇనుకుంటనే గుర్రు పెట్టిండు. పొగ పోయింది, దగ్గు మెల్లగ పాయె. జ్వరాలు అడిగే పిల్ల మళ్ల వచ్చి మీ తాత వేలుకు ఏదో మిషిన్ తొడిగి, “కాక నాకంటె గట్టిగున్నడు” అని నవ్విపోయింది. గా పూటనే గంగమణి మజ్జిగ పంపింది, మామిడికాయ తొక్కు గూడ. తొక్కు భవర్‌లాల్‌కే పెట్టిన.

అటెన్క మాలిక్ ఫోన్ వచ్చింది, బియ్యం లోడు కొట్టాలె, పాస్ వచ్చిందని. ఇగ మాట నిలవెట్టుకోవాలె గద. నూకుదామంటె మనిషికి మనిషికి దూరముండాలంటిరి. గంత దూరం నిలబడితె లారీ ఎనక ఎందరు పడ్తరు? మీ తాతనే ఉపాయం చెప్పిండు. కార్ఖానల నూలు చుట్టిన బీములు గుంజే మోకు తెచ్చి లారీ ముంగట కట్టిన్రు. పొడుగు మోకు, దూరం దూరం నిలబడి అందరు పట్టుకున్నరు, మూతులకు రుమాళ్లు. తేరు గుంజినట్టే ఉండె చూడు! ఆడోళ్లం గూడ పట్టినం. గంగమణి అందరికంటె ముందు.

లారీ కదిలి రోడ్డుకు అడ్డం వచ్చిందో లేదో, పోలీసు జీపు వచ్చింది. మేం మోకు ఇడిసిపెట్టి ఉరుకుడే. మీ తాత ఒక్కడే పట్టుకొని నిలబడ్డడు. జీపులాయన లాఠీ ఊపుకుంట దిగిండు గని, లారీ అడ్డముంటె ఆయన యాడికి పోతడు? అటు చూసిండు, ఇటు చూసిండు. “ఇడిసిన్రెందుకు, గుంజున్రి” అన్నడు. మళ్ల పట్టినం. లారీ ఊపందుకుంది, భవర్‌లాల్ గేరేసిండు, ఒక్క కుదుపు కుదిపి ఇంజన్ లేచింది. గా సప్పుడుకు మేమంత చప్పట్లు కొట్టినం. ముందు రోజులల్ల అద్దం పగలగొడ్దామన్నోడు అందరికంటె గట్టిగ కొట్టిండు.

భవర్‌లాల్ ఇంజన్ నడుస్తుండంగనే దిగిండు. మీ తాత కాళ్లు మొక్కుదామని వస్తె, మీ తాత ఎనుకకు జరిగిండు, ముట్టుకోవద్దు గద. గప్పుడు ఏం చేసిండో తెల్సా, మీ తాత నిలబడ్డ జాగల రోడ్డును ముట్టి కండ్లకద్దుకున్నడు. మీ తాత సొంత కొడుకులకు గూడ పైకి దీవెన పెట్టినోడు కాదు. గా రోజు రోడ్డు మీద అందరి ముంగట, “జీతే రహో బేటా” అన్నడు.

గంతే బిడ్డా. పొగ మంచిదని నేనన్నానా? ఆపమనే చెప్పాలె. గని జర మెల్లగ పిలువు, ఎందుకు ఆపుతలేడో అడుగు, తిన్నడో లేదో గూడ... చెప్పులేసుకొని పో తల్లీ, రోడ్డు మీద గాజు పెంకులుంటయి. సల్లగుండు, నూరేండ్లు...