డెల్ఫినాకు వచ్చిన జ్వరం

హలో… ఆఁ, నేనేనండి, రామతులసినే. చెప్పండి సూర్యకళగారూ.

…డెల్ఫినాకా? జ్వరమా?

…ఎప్పటినుంచి?

…పొద్దుటినుంచి. ఇప్పుడు దీపాలు పెట్టే వేళయింది. ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?

…అయ్యో, మిమ్మల్ని తప్పు పట్టడం లేదండి. ఏది ముందు జరిగింది, ఏది తరవాత జరిగింది అని వరస పెట్టుకుంటున్నాను, అంతే. రేపు ఉదయం ఆ అమ్మాయికి మౌఖిక పరీక్ష. నిన్న క్లాసులో దగ్గు లేదు, తుమ్ము లేదు. ఇవాళ జ్వరం. ముప్పై ఏళ్ళకు పైగా రాజమండ్రిలో ఇంగ్లీషు పాఠం చెప్పి రిటైరైనదాన్ని. పరీక్ష ముందురోజు వచ్చే జ్వరాల్లో నాకు తెలియని రకం లేదు.

…మీరు అలా అనలేదు లెండి. థర్మామీటరు పెట్టి చూశారా?

…చెయ్యి పెట్టి చూశారు. ఎంత ఉంది?

…"కాలిపోతోంది" అనేది కొలత కాదండి.

…డాక్టరుగారు మీ పక్కవీధేనని మీరే చెప్పారు కదా?

…ఊళ్ళో లేరు. ఊఁ. ఏమైనా తిన్నదా?

…పెసరట్టు. ఉప్మా కూడా పెట్టి. …మధ్యాహ్నం?

…పనసపొట్టు కూర! అంత ఓపికగా వండినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. కానీ సూర్యకళగారూ, ఒళ్ళు కాలిపోతున్న మనిషి పనసపొట్టు కూర మారు వేయించుకుందంటే, అది ఏ జ్వరమో నాకు అంతుబట్టడం లేదు.

…సరే. ఫోను ఒకసారి ఆ అమ్మాయికి ఇవ్వండి.

…పడుకుందా. లేపొద్దులెండి.

…కాదు, ఉండండి. మీ వెనక ఎవరో పాడుతున్నారు.

…పనిమనిషా? ఎవరు, లక్ష్మా?

…లక్ష్మికి పోర్చుగీసు పాటలు ఎప్పటినుంచి వచ్చు?

…

…రేడియోనా? ఇందాక లక్ష్మి అన్నారు.

…ఇప్పుడు పాట ఆగిపోయింది. మీరు చేత్తో సైగ చేశారు. నాకు కనపడదు, కానీ తెలుస్తుంది.

…వద్దు, ఒట్లు వద్దండి. నేను చెప్పేది వినండి. దీని పర్యవసానం మీకు తెలుసో తెలియదో. నేను చెబుతున్న ఈ ఇంగ్లీషు కోర్సు ఆరు వారాలదే. రేపటి పరీక్షకు రాకపోతే రెండోసారి పెట్టరు. పరీక్ష లేకపోతే యూనివర్సిటీలో సీటు ఖాయం కాదు. సీటు లేకపోతే ఆమెకు ఈ దేశంలో ఉండే అనుమతే ఉండదు. అంటే మీరు ఇవాళ ఆడే ఈ చిన్న అబద్ధానికి, రేపు ఆ పిల్ల మొజాంబిక్ వెళ్ళే విమానం ఎక్కుతుంది. మధ్యలో ఎక్కడా తెగని గొలుసు ఇది.

…తెలుసా? తెలిసే చెబుతున్నారా?

…అయితే నా అనుమానం ఇంకా గట్టిపడుతోంది.

…చెబుతాను. ఏమీ దాచను. ఈ విదేశీ పిల్లలను హాస్టల్లో పడెయ్యకుండా ఇళ్ళల్లో ఉంచుదామని పట్టుబట్టింది నేనే. మీది రైసుమిల్లు, వాళ్ళ ఊళ్ళో పండేదీ వరే, ఆమె చదవబోయేదీ వ్యవసాయం. ఆమె చదువంతా పోర్చుగీసులో అయింది. ఇంగ్లీషు నోటికి అలవాటు కావాలంటే ఇంట్లో మనుషులు కావాలి. అందుకని మీ ఇల్లు. అందుకనే, వారానికొకసారి మీరిద్దరూ మాట్లాడుకున్నది ఫోనులో రికార్డు చేసి నాకు పంపమన్నాను.

…పంపింది. నేను వాటి గురించే చెప్పబోతున్నాను. మొదటి వారం బాగానే మాట్లాడింది. రెండో వారం అందులో సగం. పోయిన వారం పంపిన దాంట్లో ఆ పిల్ల అన్నవి మూడే మాటలు. అవును. థాంక్యూ. చాలు. మిగతాదంతా మీ గొంతే, "ఇంకొంచెం వేసుకో, ఇంకొంచెం వేసుకో" అని.

…నవ్వకండి. నేను దీనికి ఒక కారణం ఊహించాను. మన వైపు మర్యాదలు మీకు తెలుసు. దాహం అనకముందే మజ్జిగ. ఆకలి అనకముందే కంచం. చీర కావాలేమో, దుప్పటి కావాలేమో, బజారుకు కారు కావాలేమో… అన్నీ మీరే అనుకుని, అన్నీ మీరే అమర్చి పెడితే, ఆ పిల్ల నోరు తెరిచి అడగవలసిన అవసరం ఎక్కడుంది? అవసరం లేని చోట మాట పుట్టదు. మీరు ఆ అమ్మాయి నోటికి తాళం వేశారు సూర్యకళగారూ. వెన్న రాసిన తాళం.

…కాదా?

…అంత గట్టిగా కాదంటే ఎలా? ఆధారం చూపించండి.

…అయితే ఇంకొకటి అడగాలి. కోపం తెచ్చుకోకూడదు. మీ ఇంట్లోగాని, మిల్లు దగ్గరగాని, ఎవరైనా ఆ పిల్లను ఏమైనా అన్నారా? రంగు గురించో, జుట్టు గురించో…

…

…ఎవరు? పూలకొట్టు దగ్గరా?

…మీరేమన్నారు ఆవిడను?

…నడివీధిలోనా! …మంచి పని చేశారు. ఆ మాట నేను అనలేను గాని, మంచి పనే చేశారు. సరే, ఆ అనుమానం కొట్టేస్తున్నాను.

మరి ఏమిటండీ కారణం? ఎవరో ఒకరు రేపు ఆ పిల్ల పరీక్షకు రాకూడదనుకున్నారు. మీరు కాదంటున్నారు. మీవారు సత్యప్రసాద్‌గారికి మిల్లు తప్ప మరో లోకం లేదు. లక్ష్మికి అంత ఆలోచన ఉండదు. ఇక మిగిలింది ఎవరు?

…చెప్పకూడదా? ఎందుకు?

…మాటిచ్చారా? ఎవరికి?

…డెల్ఫినాకా.

…అంటే… జ్వరమని చెప్పమన్నది డెల్ఫినాయేనా?

…మీరు ఏడవకండి. ఏడవకండమ్మా. ముక్కు తుడుచుకుని నెమ్మదిగా చెప్పండి. నాకు తొందరేమీ లేదు.

…వంటింట్లో. పనస తొక్క తీస్తుండగా. మీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఊఁ.

…చాలాసేపా?

…ఉండండి, ఇక్కడ ఆగుదాం. ఇంత కథ ఆ పిల్ల మీతో ఏ భాషలో చెప్పింది?

…తెలుగులో చెప్పలేదు కదా?

…మీకు పోర్చుగీసు రాదు కదా?

…ఇంగ్లీషులోనే. మొత్తం.

…మీకు అర్థమైందా? డిగ్రీ మొదటేడాదిలోనే పెళ్ళయి మానేశానన్నారు…

…ప్రతి మాటా? ఏం చెప్పిందో చెప్పండి చూద్దాం. నాకు కావాలి.

…వాళ్ళమ్మ… పొలం గట్టు మీద కూర్చోబెట్టి చదువు చెప్పి… బళ్ళో టీచరా వాళ్ళమ్మ? నాకు ఈ సంగతి తెలియదే. …ఆ ఏడాది వరద వచ్చి… ఊఁ… ఊఁ. …తమ్ముణ్ణి భుజాన ఎత్తుకుని…

…ఊఁ.

…తరవాత?

…"పరీక్షలో తప్పి వెళ్ళడం కంటే జబ్బు చేసి వెళ్ళడం నయం. తప్పితే మా అమ్మ సిగ్గుపడుతుంది, జబ్బు చేస్తే జాలిపడుతుంది." ఇది ఆమె మాటేనా? మీ మాటా?

…ఆమెదే.

…సూర్యకళగారూ, ఒక్క నిమిషం. నన్ను ఆలోచించుకోనివ్వండి.

…

ఇద్దరు కలిసి ఒక అబద్ధం అల్లాలంటే చాలా భాష కావాలి. ఎందుకో చెప్పాలి. ఎదుటివాళ్ళు కాదంటే బతిమాలాలి. భయాన్ని చెప్పాలి. కడకు ఒప్పించాలి. అసలు అబద్ధమాడటమంటేనే మీకు మాట తడబడుతుంది, ఇందాకటినుంచి వింటున్నాను కదా. అలాంటి మిమ్మల్ని ఒప్పించింది. సగం ఇంగ్లీషు వచ్చిన మీకు పూర్తిగా అర్థమయ్యేట్టు ఒప్పించింది. రేపటి పరీక్షలో నేను చూడవలసినదంతా ఆ పిల్ల ఇవాళ మీ వంటింట్లో చేసి చూపించేసింది.

…అవును. పాసైనట్టే.

…సంతోషించడం తరవాత. ముందు ఇది తేలాలి. అంత మాట్లాడగల పిల్ల నా క్లాసులో ఎందుకు మాట్లాడదు? నాకు పంపే రికార్డింగులో ఎందుకు మాట్లాడదు? మీ ఇంట్లో మర్యాద ఎక్కువని నేను ఊహించిన కారణం ఇక్కడ చెల్లడం లేదు. మర్యాద అదే, ఇల్లు అదే. రికార్డింగు లేనప్పుడు గలగలా మాట్లాడుతోంది. పెట్టగానే మూగపోతోంది. ఆ రెండింటికీ మధ్య తేడా ఏమిటి?

…మీకు తెలుసు. మీ గొంతులో తెలుస్తోంది.

…"నేను ఎలా చెప్పనండి" అంటే కుదరదు. చెప్పాలి.

…పెద్దదాన్నే. పెద్దవాళ్ళకు చెప్పకూడదని ఎక్కడా లేదు.

…నేనా?

…

…నేనేం చేశానండీ? ఒక్కనాడూ గొంతు పెంచలేదు. ఒక్కనాడూ ఎవరి తప్పుకూ నవ్వలేదు. తప్పు చెబితే తప్పని…

…పెన్నా?

…ఏ పెన్ను?

…బల్ల మీద కొడతానా? తప్పు వచ్చినప్పుడల్లా?

…ఎప్పుడూ కొట్టలేదే. నాకు గుర్తు లేదు. మిగతా పిల్లలు ఎవరూ అనలేదు…

…ఇప్పుడా?

…ఇప్పుడు కూడా కొడుతున్నానా?

…

…అవునండి. చేతిలో ఉంది.

…పక్కన పెట్టాను. …లేదు, సొరుగులో పెట్టేస్తున్నాను. చెప్పండి.

…"వాక్యం మొదలుపెట్టగానే ఆ చప్పుడు కోసం చూస్తాను." ఊఁ. "చప్పుడు రాకముందే ఆగిపోతే చప్పుడు రాదు." …తార్కికంగా ఉంది. అందుకే మూడే మాటలు. మూడు మాటల్లో తప్పు చెయ్యడానికి చోటుండదు. రికార్డింగును వినేది నేను కాబట్టి, అందులోనూ ఆ చప్పుడు ఆమెకు ముందే వినిపించింది.

…బాధ కాదు. కారణం ఎక్కడుందో తెలిసింది. మీ ఇంట్లో వెతుకుతూ కూర్చున్నాను.

సరే. ఇక చెయ్యవలసింది చూద్దాం. రేపు ఆ అమ్మాయి రావాలి.

…మాటిచ్చారు. నిజమే, మాట తప్పమని నేను అనను. మీరు ఏమని మాటిచ్చారు? సరిగ్గా చెప్పండి.

…"జ్వరమని మేడంగారికి ఫోను చేసి చెబుతాను." అంతేనా? చెప్పారు కదా. ఫోను చేశారు, జ్వరమన్నారు, ఒట్టు కూడా పెట్టబోయారు. మీ మాట నిలబడింది. నేను నమ్ముతానని మీరు మాటివ్వలేదు కదా?

…నవ్వండి. పరవాలేదు.

ఇప్పుడు వినండి. పరీక్ష సంభాషణగా జరగాలని, విద్యార్థికి తెలిసిన మనిషి ఎవరైనా ఎదుట కూర్చుని మాట్లాడవచ్చని మా నియమాల్లో ఉంది. రాసింది నేనే. ఇన్నాళ్ళూ ఆ వీలు ఎవరికీ ఇవ్వలేదు. రేపు ఆమె ఎదుట మీరు కూర్చోండి.

…మీరేనండి. సూర్యకళగారే.

…మీ ఇంగ్లీషులో తప్పులుంటాయి. తెలుసు. ఆ పిల్ల మాట్లాడింది ఆ ఇంగ్లీషుతోనే. మార్కులు నా బదులు మా తోటి మాస్టారు కుక్కుటేశ్వరరావుగారు వేస్తారు. ఆయన చేతిలో పెన్నున్నా కదలదు, సగం నిద్రలో ఉంటారు. కానీ చెవి మంచిది. న్యాయంగా వేస్తారు.

…నేను గదిలో ఉండను. బయట వరండాలో కూర్చుంటాను.

…ఎవరితో మాట్లాడుతున్నారు?

…పక్కనే ఉందా! మొదటినుంచీ అక్కడే ఉందా?

…సరే, ఏమంటోంది? …ఇంగ్లీషులోనే చెప్పిందా? మీరు తెలుగులో చెప్పండి నాకు.

…వరండాలోకి మాటలు వినిపిస్తాయంటోందా. తలుపు వేస్తారు కదా.

…తలుపు కింద సందు ఉంది. ఉంది, నిజమే. ఇంతగా గమనించిందా!

…సరే. వరండాలో ఉండను. కింద స్టాఫ్‌రూములో ఉంటాను.

…స్టాఫ్‌రూము దాటే పైకి రావాలి కాబట్టి నా మొహం కనపడుతుంది. ఊఁ. నా మొహం చూస్తే ఏమవుతుందట?

…వద్దులెండి, చెప్పకండి.

…లైబ్రరీలో కూర్చుంటే?

…క్యాంపస్‌లోనే వద్దంటోంది. సూర్యకళగారూ, ఆమె నాతో బేరమాడుతోంది. గమనించారా? మెట్టు మెట్టుకూ కారణం చెప్పి బేరమాడుతోంది. ఆరు వారాల్లో నాతో ఇంత మాట్లాడలేదు.

…సరేనని చెప్పండి. రేపు నేను ఇంట్లోనే ఉంటాను. గుమ్మం దాటను. కుక్కుటేశ్వరరావుగారికి ఇప్పుడే ఫోను చేసి ఏర్పాటు చేస్తాను. జ్వరం సంగతి ఆయనకు అనవసరం.

…వస్తానందా?

…తల ఊపడం కాదు. మాటగా అనమనండి.

…అంది. విన్నాను. నాకే వినిపించింది.

…ఫోను నాకిమ్మంటోందా? …వద్దు. ఇవ్వకండి. ఇప్పుడు వద్దు. రేపు పరీక్ష అయ్యాక ఆ అమ్మాయినే నాకు ఫోను చెయ్యమనండి. ఎలా జరిగిందో తనకు వచ్చినట్టు చెప్పమనండి. నేను మధ్యలో ఒక్కమాట కూడా అననని చెప్పండి.

…చెప్పారా?

…నమ్మనంటోందా.

…లేదు, ఆమె అనుమానం సబబైనదే. నేనైనా నమ్మను. అయినా ప్రయత్నిస్తానని చెప్పండి.

…ఏమంది?

…"చూద్దాం లెండి" అందా? …అది తెలుగే కదా! ఎవరు నేర్పారు అది? …ఫోను పెట్టేశారా? …హలో?

…హలో?